ఎడమ చేతి ముద్ద

గోదావరి పాయ ఒడ్డున ఒక చిన్న పట్నంలో, పక్షవాతం వచ్చినవాళ్ళకీ ప్రమాదాల్లో కాళ్ళూ చేతులూ దెబ్బతిన్నవాళ్ళకీ మళ్ళీ పనులు చేసుకోవడం నేర్పే ఆస్పత్రిలో, హేమాద్రి అనే ఉద్యోగి ఉండేవాడు. మంచివాడే, చదువుకున్నవాడే, కాని మనిషిని కళ్ళారా చూడకుండానే ఆ మనిషి సంగతి తేల్చేసే తొందర అతనికి ఉండేది.

ఆ ఆస్పత్రిలో అన్నిటికంటే ముందు చేసే పని ఒకటుంది. వచ్చిన మనిషి ఏ పని తనంతట తాను చేసుకోగలడు, ఏ పనికి సాయం కావాలి, ఏది బొత్తిగా కాదు అని పరీక్షించి ఒక కాగితం మీద రాస్తారు. తినడం, మొహం కడుక్కోవడం, తల దువ్వుకోవడం, బట్ట కట్టుకోవడం, మంచం మీంచి లేవడం, నడవడం, మెట్లెక్కడం, ఇలాంటివి పది పనులు. తనే చేసుకుంటే రెండు మార్కులు, కాస్త సాయం కావాలంటే ఒకటి, అసలు కాకపోతే సున్నా. మొత్తం ఇరవై. ఏ మనిషికి ఏం నేర్పాలో, ఎన్నాళ్ళు నేర్పాలో ఆ కాగితాన్ని బట్టే తేలుతుంది. దాన్ని రాసేవాడు హేమాద్రి.

ఒక మనిషిని సరిగ్గా పరీక్షించడానికి ఎవరికైనా గంటన్నర పడుతుంది. హేమాద్రికి పన్నెండు నిమిషాలు చాలేది.

వార్డులో పనిచేసే ఆయా పోలమ్మకి ఇది వింతగా ఉండేది. "బాబుగారూ, మీరు పరీక్ష చేస్తున్నారా, పంక్తిలో వడ్డిస్తున్నారా? పెళ్ళిలో సాంబారు పోసేవాడు కూడా ఇంత తొందరగా దాటిపోడు" అనేది.

హేమాద్రి నవ్వేవాడు. "అలవాటైన కళ్ళు పోలమ్మా. మనిషి గుమ్మంలోకి రాగానే నాకు తెలిసిపోతుంది" అనేవాడు.

"అయితే గుమ్మంలోనే కుర్చీ వేయించుకోండి. లోపలిదాకా నడవడం ఎందుకు?" అనేది పోలమ్మ.

నిజానికి అతని కిటుకు కళ్ళలో లేదు. మంచం పక్కన తోడు ఉన్నవాళ్ళని అడిగేవాడు. "ఈయన తింటారా?" అంటే, "మేమే పెడతామండి" అనేవారు. అతను సున్నా వేసేవాడు. "నడుస్తారా?" అంటే, "మేమే పట్టుకుంటామండి" అనేవారు. ఒకటి వేసేవాడు. మంచం మీదున్న మనిషి చేతులకేసీ కాళ్ళకేసీ చూసే పని ఎక్కువగా పడేది కాదు.

ఒక ఆషాఢమాసంలో ఆ ఆస్పత్రికి చెల్లాయమ్మ అనే ఆవిడని తీసుకొచ్చారు. ఈ చెల్లాయమ్మ మా మేనత్తకి వియ్యపురాలి వరస. అందుకే ఈ సంగతి మా ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటాం.

చెల్లాయమ్మకి అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. పదిహేడో ఏట కాపురానికి వచ్చినప్పటినుంచీ పూతరేకులు తీసేది. అది తేలికైన పని కాదు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి గుడ్డని బియ్యప్పిండి పాలలో ముంచి, రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని, కాలిన కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగెయ్యాలి. రెప్పపాటులో ఉల్లిపొర లాంటి రేకు ఏర్పడుతుంది. గుడ్డ ఒక పక్క బిగిసినా, ఒక పక్క వదులైనా రేకు చిరుగుతుంది. చెల్లాయమ్మ రేకులు చిరిగేవి కావు. స్వామివారి కళ్యాణానికి ఆవిడ ఇంటినుంచే రేకులు వెళ్ళేవి.

ఒకరోజు పొద్దున్నే పొయ్యి రాజేస్తూ కూర్చున్నచోటే ఒరిగిపోయింది. ప్రాణం దక్కింది గాని కుడి చెయ్యీ కుడి కాలూ స్వాధీనం తప్పాయి. మాట కొంచెం నెమ్మదించింది. ఎడమవైపు మాత్రం చెక్కుచెదరలేదు. కొడుకు లారీ నడుపుతూ ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి, అంగన్‌వాడీలో పనిచేసే కోడలు నాగవేణి సెలవు పెట్టి అత్తగారితో వచ్చింది.

హేమాద్రి కాగితం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

"ఈవిడ సొంతంగా తింటారా?" అని అడిగాడు, కాగితం మీదనుంచి తలెత్తకుండా.

"ఆయ్, నేనే పెడతానండి" అంది నాగవేణి.

"మొహం కడుక్కోవడం?"

"నేనే కడుగుతానండి."

"జడ?"

"అదీ నేనేనండి. మా అత్తయ్యగారిని వేలు కూడా కదపనివ్వట్లేదండి" అంది నాగవేణి, మెచ్చుకుంటాడనుకుని.

హేమాద్రి మెచ్చుకున్నాడు కూడా. "ఇలాంటి కోడలు దొరకడం అదృష్టం" అన్నాడు. సున్నా, సున్నా, సున్నా అని రాసుకున్నాడు.

తరవాత తన పెన్ను తీసి చెల్లాయమ్మ ఎడమ చేతి పక్కన దుప్పటి మీద పెట్టాడు. "ఏదమ్మా, ఆ పెన్ను తీసి నా చేతికివ్వండి" అన్నాడు.

చెల్లాయమ్మ పెన్నుకేసి చూసింది. అతనికేసి చూసింది. ఎడమ చేతిని పమిటలోకి లాక్కుని తల వంచుకుంది.

"పెన్నండీ పెన్ను! ఇలా ఇవ్వండి!" అని హేమాద్రి చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గొంతు పెంచాడు. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. హేమాద్రి పక్కబల్ల మీదున్న ఉప్మా చెంచాతో తీసి ఎడమ చేతికి అందించబోయాడు. ఆవిడ చెయ్యి ఇవ్వలేదు, నోరు గట్టిగా మూసుకుంది.

'చెప్పింది అర్థం కావడం లేదు' అని రాసి, కింద గీత గీశాడు. ఇరవైకి మూడు మార్కులు వచ్చాయి. పదకొండు నిమిషాలైంది.

ఆ ఆస్పత్రిలో ఉన్నవి ఇరవై మంచాలే. బయట ఎదురుచూసేవాళ్ళు ఎప్పుడూ ఉండేవారు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. అయిదు మార్కులకి తక్కువొచ్చి, చెప్పింది కూడా అర్థం చేసుకోలేని మనిషైతే, నేర్పినా లాభం ఉండదని ఇంటికి పంపించేసేవారు. మంగళవారం జరిగే సమావేశంలో ఆ నిర్ణయం తీసుకునేవారు.

హేమాద్రి ఆ సంగతి నాగవేణికి వార్డు గుమ్మంలో నిలబడి చెప్పాడు. "ఇంటి దగ్గర జాగ్రత్తగా చూసుకోండమ్మా. ఇక ఎప్పటికీ ఒక మనిషి పక్కనే ఉండాలి" అన్నాడు.

"కుండ దగ్గర కూర్చోగలరా అండీ? రేకులు తీస్తారండి మా అత్తయ్యగారు."

"ఆ మాట మర్చిపోండి."

గుమ్మానికీ మంచానికీ నాలుగడుగుల దూరం. ప్రతి మాటా చెల్లాయమ్మకి వినపడింది. ఆవేళ మధ్యాహ్నం నాగవేణి ఎంత బతిమాలినా రెండు ముద్దలకి మించి తినలేదు. నాగవేణి మంచం పక్కన నేల మీద కూర్చుని అంగన్‌వాడీ ఉద్యోగానికి రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకుంది.

ఆ ఆస్పత్రి పెద్ద డాక్టరు సుభాషిణి గారు. తక్కువ మాట్లాడే మనిషి. శనివారం సాయంత్రం హేమాద్రిని పిలిచి చెల్లాయమ్మ కాగితం బల్ల మీద పెట్టారు.

"హేమాద్రీ, ఇది చూసి రాశారా, అడిగి రాశారా?"

"రెండూనండి."

"ఆవిడ తింటుంటే చూశారా?"

"తినలేనివాళ్ళు తింటుంటే చూడటం ఏముంటుందండీ?"

సుభాషిణి గారు కాగితాన్ని మడిచి తన సొరుగులో పెట్టేశారు. "సోమవారం పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ మంచం పక్కన కూర్చోండి. కాగితం వద్దు, పెన్ను వద్దు. ఏమీ అడగొద్దు. చూడండి. మీరు రాసిందే సరైతే మంగళవారం నేను సంతకం పెట్టేస్తాను."

హేమాద్రికి అవమానంగా అనిపించింది. 'తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి కాపలా కూర్చోబెడతారా' అనుకున్నాడు. అయినా తను రాసిందే నిజమని చూపించాలన్న పట్టుదలతో సోమవారం పొద్దున్న ఆరింటికే వచ్చి కుర్చీ వేసుకున్నాడు. పెన్ను లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు తెలియలేదు.

మొదటి గంటలో అతనికి ఏమీ కనపడలేదు. రెండో గంటలో ఒకటి కనపడింది.

చెల్లాయమ్మ ఎడమ చెయ్యి దుప్పటి మీదనుంచి కొంచెం లేచేది. మంచినీళ్ళ గ్లాసువైపో, జారిన పమిటవైపో కదలబోయేది. అది అక్కడికి చేరేలోపే నాగవేణి గ్లాసు అందుకునేది, పమిట సర్దేసేది. చెయ్యి మళ్ళీ దుప్పటి మీద వాలేది. నాగవేణిది ప్రేమే, అందులో అనుమానం లేదు. కాని ఆ ప్రేమ ఎప్పుడూ చెల్లాయమ్మ కంటే ఒక్క క్షణం ముందు ఉండేది.

పదింటికి నాగవేణి మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడడానికి వెళ్ళింది. హేమాద్రి లేచి పక్క మంచం తెర వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఎవరూ చూడటం లేదనుకుంది చెల్లాయమ్మ.

ముందు ఎడమ చేత్తో స్వాధీనం లేని కుడి చేతిని ఎత్తి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దిండు మీద పెట్టింది. రేగిన జుట్టు చెవుల వెనక్కి దోపుకుంది. దిండు కిందనుంచి చిన్న కుంకుమ భరిణె తీసి, ఒళ్ళో పెట్టుకుని మూత తిప్పింది. హేమాద్రి తెర సందులోంచి చూశాడు. ఎడమ చేత్తో బొట్టు పెట్టుకుంటుందనుకున్నాడు. ఆవిడ అలా చెయ్యలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, కుడి ఉంగరపు వేలిని కుంకుమలో అద్ది, ఆ చేతిని మెల్లిగా నుదుటిదాకా మోసుకెళ్ళి, కనుబొమల మధ్య గుండ్రంగా బొట్టు పెట్టుకుంది. కళ్ళు మూసుకుని ఏదో స్మరించుకుంది.

తరవాత పక్కబల్ల మీదున్న స్టీలు డబ్బా అందుకుంది. పొరుగింటివాళ్ళు పంపిన పూతరేకులు అందులో ఉన్నాయి. డబ్బాని ఎడమ మోకాలికీ మంచం పట్టీకీ మధ్య ఇరికించి, బిగుసుకుపోయిన మూతని ఒక్క విసురుతో తీసింది. ఒక పూతరేకుని వేళ్ళ చివర్లతో పైకి తీసింది. పొర కూడా రాలలేదు. దాన్ని గడ్డందాకా తెచ్చుకుంది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. కాసేపు దానికేసి చూసి, మళ్ళీ డబ్బాలో పెట్టేసి, మూత నొక్కేసింది.

ఆరున్నరకి రెండిడ్లీలు తిన్న మనిషి. పెట్టే కోడలు వరసలో ఉంది. తిండి ఒళ్ళో ఉంది. ఆకలితో అలాగే కూర్చుంది.

హేమాద్రి ఇక ఉండలేక తెర తప్పించుకుని వచ్చాడు. "అమ్మా, ఆకలేస్తోందా?" అని అడిగాడు.

"కోడలు వచ్చేస్తుందిలే బాబూ."

"డబ్బా మీరే తీశారు. నేను చూశాను."

దొంగతనం బయటపడ్డట్టు చెల్లాయమ్మ మొహం ఎర్రబడింది. "చూశావా!" అంది.

"మరి ఎందుకు తినలేదమ్మా?"

ఆవిడ అతన్ని జాలిగా చూసింది. "ఈ చేత్తోనా? ఎడం చేత్తో తినకూడదని నీకు మీ అమ్మ చెప్పలేదా నాయనా?"

హేమాద్రికి ఒక్కసారిగా ఏదో తట్టింది. "మరి ఆవేళ పెన్ను..."

"పెద్ద ఉద్యోగం చేసుకునేవాడివి. ఎడం చేత్తో నీకెలా ఇస్తాను? మర్యాదేనా? కుడి చెయ్యి లేవదు. ఏం చెయ్యను? సిగ్గేసి ఊరుకున్నాను."

 హేమాద్రి మెల్లిగా అన్నాడు. "చెప్పింది మీకు అర్థం కావడం లేదని రాశానమ్మా."

"అంటే? నాకు మతి లేదని రాశావా?"

అతను తల వంచుకున్నాడు.

"మూతి వంకర పోతుందేమోనని భయపడ్డాను. మాట పడిపోతుందేమోనని భయపడ్డాను. మతి పోయిందని రాస్తారని మాత్రం అనుకోలేదు బాబూ" అంది చెల్లాయమ్మ. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే అతనికి ఎక్కువ బాధ కలిగించింది.

ఎలాగైనా ఆవిడ చేత తినిపించాలనుకున్నాడు హేమాద్రి. "రేకులు రెండు చేతుల్తోనే తీస్తారు కదమ్మా? ఈ ఎడం చెయ్యి తగిలిన రేకులే కదా ఊరంతా తిన్నారు? దేవుడికి కూడా అవే కదా పెట్టారు?" అన్నాడు, గట్టి మాటే దొరికిందనుకుని.

చెల్లాయమ్మ ఆలోచించను కూడా లేదు. "చేసేటప్పుడు ఎంగిలి ఉండదు. తినేటప్పుడు ఉంటుంది. అది వేరు, ఇది వేరు" అంది.

"బాగా చెప్పావు వదినా" అంది పక్క మంచం మీది ముసలావిడ.

 ఇంతమంది ఎదుట సిగ్గుపడుతున్న మనిషికి వాదన పనికిరాదని హేమాద్రికి అప్పటికి తెలిసింది.

పన్నెండున్నర అయింది. నాగవేణి అన్నం, పప్పు కంచంలో పెట్టుకుని వచ్చింది. హేమాద్రి తన క్యారేజీ తెచ్చుకుని ఆ మంచం పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. కుడి చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి శుభ్రంగా కడుక్కుని పెరుగన్నంలో పెట్టాడు.

వార్డంతా అతనికేసి చూసింది.

మొదటి ముద్ద వేళ్ళ సందుల్లోంచి జారి మళ్ళీ గిన్నెలోనే పడింది. రెండోది గడ్డానికి తగిలింది. మూడోది సగం నోట్లోకి వెళ్ళింది, సగం చొక్కా జేబులోకి వెళ్ళింది. పెరుగు మోచేతిదాకా కారింది.

"బాబుగారూ, మీకు అన్నప్రాశన ఇంకా కాలేదేంటండీ?" అంది గుమ్మంలోంచి పోలమ్మ. మంచాల మీదనుంచి నవ్వులు లేచాయి. హేమాద్రి కూడా నవ్వాడు గాని చెయ్యి మార్చలేదు.

చెల్లాయమ్మ ముందు నోరు నొక్కుకుంది. తరవాత ఓపిక పట్టలేకపోయింది. నలభై ఏళ్ళు చేతిపనితో బతికిన మనిషి, పని పాడవుతుంటే చూస్తూ ఊరుకోలేదు.

"అదేంటి బాబూ, అలా పిడికిలి బిగిస్తే ఎలా నిలుస్తుంది? అరిచేతిలోకి పోనివ్వకు. వేళ్ళ చివర్ల మీదే ఉంచాలి. బొటనవేలితో తొయ్యాలి."

"ఎలాగమ్మా? నాకు రావడం లేదు" అన్నాడు హేమాద్రి. ఆ మాట నటించి అన్నది కాదు.

"ఇదుగో, ఇలాగ" అంటూ చెల్లాయమ్మ ఎడమ చెయ్యి కంచంలో పెట్టింది. పప్పూ అన్నం కలిపి, నిమ్మకాయంత ముద్ద చేసి, వేళ్ళ చివర్ల మీద నిలిపి అతనికి చూపించింది. ఒక్క మెతుకు కూడా జారలేదు.

వార్డులో నవ్వులు ఆగిపోయాయి. నాగవేణి చెయ్యి అలవాటు కొద్దీ ముందుకొచ్చింది. హేమాద్రి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నాగవేణి తన చేతిని తనే రెండో చేత్తో పట్టుకుంది.

చెల్లాయమ్మ ఆ ముద్దకేసి చూసింది. చొక్కా అంతా పెరుగు పోసుకున్న ఆ పెద్ద ఉద్యోగికేసి చూసింది. కళ్ళు మూసుకుంది. "స్వామీ, ఆ చెయ్యీ నువ్విచ్చిందే, ఈ చెయ్యీ నువ్విచ్చిందే. ఒకటి నువ్వే తీసుకున్నావు. తప్పయితే నన్నేమీ అనకు" అంది పైకే. ముద్ద నోట్లో పెట్టుకుంది.

నమిలి, మింగి, కోడలికేసి తిరిగింది. "వేణీ, ఉప్పు తక్కువైందే" అంది.

నాగవేణికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "పప్పు రోజూ ఇదే కదా అత్తయ్యగారూ! ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నోట్లో పెట్టేవాళ్ళకి వంక పెడతామా తల్లీ?" అంది చెల్లాయమ్మ.

ఆ మాట హేమాద్రి మనసులో నాటుకుపోయింది. తిండి కోసం ఇంకొకరి చేతికేసి చూసే మనిషి, ఉప్పు తక్కువైందని చెప్పుకునే హక్కు కూడా పోగొట్టుకుంటుంది. తను వేసిన ఒక్క సున్నాలో అంత ఉందని అతను ఎన్నడూ అనుకోలేదు.

"మరి నాకెన్ని మార్కులమ్మా?" అని అడిగాడు, జేబులోని మెతుకులు దులుపుకుంటూ.

"సున్నా!" అంది పోలమ్మ.

"ఒకటి వెయ్యొచ్చులే. చెబితే వింటున్నాడు" అంది చెల్లాయమ్మ.

మంగళవారం సమావేశంలో హేమాద్రి లేచి నిలబడ్డాడు. తోటి ఉద్యోగులందరూ ఉన్నారు. తప్పు ఒప్పుకోవడం అతనికి కొత్త. "చెల్లాయమ్మ గారికి నేను మూడు మార్కులు వేశాను. అది తప్పు. నిన్న దగ్గరుండి చూశాను, తొమ్మిది వచ్చాయి. కొన్ని పనులు ఆవిడ చేసేలోపే ఇంటివాళ్ళు చేసేస్తున్నారు. కొన్ని ఆవిడ సిగ్గుపడి చెయ్యడం లేదు. ఆ రెంటినీ నేను చేతకానితనం అని రాశాను. చెప్పింది అర్థం కావడం లేదని కూడా రాశాను. అర్థం కానిది నాకే" అన్నాడు.

చెల్లాయమ్మకి ఆరు వారాలు ఇచ్చారు. నాగవేణి సంచిలోంచి రాజీనామా కాగితం తీసి నాలుగు ముక్కలు చేసింది.

అందరూ లేచి వెళుతుంటే సుభాషిణి గారు అడిగారు. "హేమాద్రీ, ఇదివరకు రాసినవాటి సంగతేమిటి?"

అతను ఆ సాయంత్రమే పాత కాగితాలు తీశాడు. అయిదు కంటే తక్కువ మార్కులు వేసి తను ఇంటికి పంపించినవాళ్ళు పద్నాలుగు మంది తేలారు. ప్రతి ఆదివారం ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళాడు.

వాళ్ళలో సోమలింగం అనే దర్జీ ఒకడు. నాలుగు నెలల నుంచి మంచం మీదే ఉన్నాడు. మోకాళ్ళు వంగినచోటే బిగుసుకుపోయాయి.

"అప్పట్లో గుంజ పట్టుకుని లేచేవారండి. ఆయన ఒక్కరే లేవలేరని మీరన్నారు కదండీ, పడిపోతారేమోనని మంచం దిగనివ్వలేదండి" అంది అతని భార్య. ఆవిడ నిష్ఠూరంగా అనలేదు, చెప్పినమాట తప్పకుండా విన్నామన్నట్టు అంది.  హేమాద్రి సోమలింగాన్ని మళ్ళీ ఆస్పత్రికి తీసుకొచ్చి ఎంత కష్టపడినా ఆ మోకాళ్ళు పూర్తిగా చాపడానికి రాలేదు. చక్రాల కుర్చీలో కూర్చుని బట్ట కత్తిరించేదాకా వచ్చాడు. అంతవరకే వచ్చాడు. మిగతా పదమూడు మందిలో అయిదుగురు ఇంకా నేర్చుకోగల స్థితిలో ఉన్నారు. వాళ్ళకి ఒకరి తరవాత ఒకరికి మంచాలు దొరికాయి.

చెల్లాయమ్మ ఆరు వారాల్లో ఒంటిచేత్తో చీర కట్టుకోవడం నేర్చుకుంది. కర్ర పట్టుకుని వార్డు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. మూడు మెట్లెక్కింది. కుడి చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. భోజనాల వేళ ఆవిడ ఎడమ చేత్తో తింటుంటే, పక్క మంచం ముసలావిడ నాలుగు రోజులు చూసి, అయిదో రోజు తనూ మొదలుపెట్టింది.

పనులు నేర్పి ఇంటికి పంపాక, ఆ మనిషి ఇంట్లో ఎలా మసలుతోందో చూసి రావడం కూడా హేమాద్రి పనే. కార్తీకమాసంలో ఒక ఆదివారం చెల్లాయమ్మ ఇంటికి వెళ్ళాడు.

నేల మీద కూర్చోలేదు కాబట్టి కుండని ఎత్తు పొయ్యి మీదకి మార్చారు. చెల్లాయమ్మ స్టూలు మీద కూర్చుని గుడ్డ ఒక కొస ఎడమ చేత్తో పట్టుకుంది. రెండో కొస సెలవుపూట ఇంట్లో ఉన్న నాగవేణి పట్టుకుంది. పొద్దుటినుంచి తీసిన రేకులన్నీ చిరిగిపోయి చేటలో పోగుపడి ఉన్నాయి.

"నీ వైపు వదులవుతోందే."

"మీరు ముందే లాగేస్తున్నారు అత్తయ్యగారూ."

"నేనేం లాగట్లేదు, నువ్వే నిద్రపోతున్నావు."

మళ్ళీ గుడ్డ ముంచారు.  చెల్లాయమ్మ చేతిలోంచి గుడ్డ కొస జారబోయింది. హేమాద్రి గబుక్కున లేచి చెయ్యి అందించబోయాడు.

"కూర్చోండి బాబుగారూ. ఆవిడ చేస్తారు" అంది నాగవేణి.

హేమాద్రి కూర్చున్నాడు. చెల్లాయమ్మ కొసని వేళ్ళ మధ్య సర్దుకుంది. అత్తా కోడళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఒక్కసారే గుడ్డని కుండ మీద పరిచి లాగారు. ఈసారి రేకు చిరగలేదు. చెల్లాయమ్మ దాన్ని కుండ మీంచి ఒలిచి ఎండకి ఎత్తి పట్టుకుంది. అవతలున్న కోడలి మొహం అందులోంచి కనపడింది. ఆవిడ ఆ రేకుని చేటలో కాకుండా పక్కనున్న పళ్ళెంలో పెట్టి, మళ్ళీ గుడ్డ కొస అందుకుంది.

మనిషి ఏం చెయ్యగలడో తెలియాలంటే, ఆ మనిషిని చెయ్యనిచ్చి, ఓపిగ్గా కూర్చుని చూడాలి. చూడకుండా చేతకాదని తేల్చేస్తే, దేవుడు మిగిల్చిన శక్తిని కూడా మనమే లాగేసుకున్నవాళ్ళం అవుతాం.